ఏటికి ఎదురెళ్లి కడలికి

ఆదోని నుంచి పడమటికి నేరుగా గీత గీస్తే అది గోవాలో పణజి దగ్గర సముద్రాన్ని తాకుతుంది. తూర్పుకు గీస్తే ఒంగోలు దాటి కొత్తపట్నం దగ్గర తాకుతుంది. ఈ ఊళ్లన్నీ ఇంచుమించు పదిహేనున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి. గీత మీద కొలిస్తే అటు సుమారు 370 కిలోమీటర్లు, ఇటు 300కు కాస్త పైన. సముద్ర మట్టానికి 400 మీటర్లకు పైగా ఎత్తులో, నల్లరేగడి నేలల నడుమ, రెండు కడళ్లకూ దూరంగా ఉన్న ఊరిది. పక్కనే ఉన్న ఎమ్మిగనూరుదీ అదే సంగతి. ఇక్కడి పిల్లలు ఈత నేర్చేది బావుల్లో, కాలువల్లో. అలను చూడాలంటే ఎటు పోయినా ఒక పగలు, కొంత రాత్రి దారిలోనే గడవాలి.

ఆ ప్రయాణానికి మంచి సాకు ఏటా మే చివర దొరుకుతుంది. మంగళూరు తీరంలో జరిగే ఇండియన్ ఓపెన్ ఆఫ్ సర్ఫింగ్ దేశంలో పేరున్న అలల పోటీ. 2016 మే చివరి వారంలో, మంగళూరుకు ఉత్తరాన పాతిక కిలోమీటర్లలోపు ఉన్న ససిహిత్లు తీరంలో తొలిసారి జరిగింది. 2022, 2023లలో పణంబూరులో, 2024లో మళ్లీ ససిహిత్లులో నిర్వహించారు. తేదీలు మే నెలాఖరుకో జూన్ మొదటి రోజులకో పడతాయి. ఆదోనిలో అది రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ. విత్తనాలు కొని ఇంట్లో పెట్టుకున్న రైతు ఆకాశం వంక చూస్తూ కూర్చునే రోజులు. పత్తి మార్కెట్ యార్డులో సందడి తగ్గి, కాలేజీలకు సెలవులుండి, నలుగురు స్నేహితులు బండి మాట్లాడుకోవడానికి వీలైన వారం కూడా అదే.

దారి లెక్క సులువైనది. ఎమ్మిగనూరు, ఆదోని, ఆలూరుల మీదుగా పోయే 167వ జాతీయ రహదారి బళ్లారికి ముందు హగరి దగ్గర 67వ జాతీయ రహదారిలో కలుస్తుంది. ఆ కూడలిలో నిలబడితే రెండు సముద్రాలకూ దారి కనిపిస్తుంది. ఎడమకు తిరిగితే గుంతకల్లు, గుత్తి, తాడిపత్రి, మైదుకూరు, బద్వేలు, నెల్లూరు దాటి కృష్ణపట్నం ఓడరేవులో రోడ్డు ఆగిపోతుంది. కుడికి తిరిగితే బళ్లారి, హొసపేటె, కొప్పళ, గదగ్, హుబ్బళ్లి దాటి గోవా సరిహద్దు దగ్గరి రామ్‌నగర్ చేరుతుంది. సర్ఫింగ్ పోటీకి వెళ్లేవాళ్లు కుడికి తిరిగి, హొసపేటెలో ఆ రహదారిని వదిలేస్తారు. అక్కడి నుంచి హరిహర, శివమొగ్గ, తీర్థహళ్లి, ఆగుంబె మీదుగా ఉడుపి, ఆపైన ససిహిత్లు పక్కనున్న ముల్కి. ఆదోని నుంచి మొత్తం 500 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. చిత్రదుర్గ మీదుగా ఇంకో దారి ఉంది, రోడ్డు వెడల్పు, వేగంగా పోవచ్చు. అయినా హరిహర దారే మేలు. కారణం రోడ్డు కాదు, నది.

ఈ దారి పొడవునా బండి తుంగభద్రకు ఎదురు నడుస్తుంది. ఎమ్మిగనూరుకు దగ్గర్లో మంత్రాలయం రేవులో కనిపించే నది, హొసపేటెలో డ్యామ్ వెనక సముద్రంలా నిలబడుతుంది. హరిహరలో వంతెన కింద పారుతుంది, హొన్నాళిలో రోడ్డు పక్కకు వస్తుంది. శివమొగ్గకు కొద్ది దూరంలో కూడలి అనే ఊళ్లో తుంగ, భద్ర రెండుగా చీలిపోతాయి. నిజానికి కలుస్తాయి, ఎదురు వచ్చేవాళ్లకు చీలినట్టుంటుంది. అక్కడి నుంచి తుంగ ఒక్కటే తోడు వస్తుంది, తీర్థహళ్లి దాకా. ఈ రెండు నదులూ పడమటి కనుమల్లోని వరాహ పర్వతాల మీద గంగామూల అనేచోట పుడతాయి. మంగళూరులో అరేబియా సముద్రంలో కలిసే నేత్రావతి పుట్టిల్లు కూడా అదే కొండ అని చెబుతారు. ఒకే కొండ నీళ్లలో కొన్ని సుమారు వంద కిలోమీటర్లు పోగానే పడమటి కడలి చేరతాయి. మిగిలినవి తూర్పుకు తిరిగి, ఆదోని పొలాలకు కాలువగా వచ్చి, కృష్ణలో కలిసి, హంసలదీవి దగ్గర బంగాళాఖాతం చేరతాయి.

నీటి కోసం ఏడాదంతా ఎదురుచూసే ప్రాంతానికి ఇది భూగోళ పాఠం మాత్రమే కాదు. ఆదోని, ఎమ్మిగనూరు రైతులకు ఎల్ఎల్‌సీ అంటే తుంగభద్ర దిగువ కాలువ. డ్యామ్ దగ్గర బయల్దేరి, ఎక్కువ దూరం కర్ణాటకలోనే పారి, అలసిపోయి ఇక్కడికి చేరుతుంది. చివరి ఆయకట్టుకు నీరు అందలేదన్న మాట ఏటా వినిపిస్తుంది. హొసపేటెలో బండి ఆపి డ్యామ్ ఎక్కితే, ఆ కాలువ మొదలెక్కడో చూడవచ్చు. 1953లో పూర్తయిన ఆనకట్టకు 33 గేట్లు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. నిండుకుండలాంటి జలాశయం ఖాళీ అవుతుంటే రెండు రాష్ట్రాల రైతులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నారు. తెలుగు ఇంజినీరు కన్నయ్య నాయుడు సలహాతో, పారుతున్న నీటిలోనే ఉక్కు పలకలు దించి వారంలోపే ఆ కంతను మూశారు. స్వాతంత్ర్యం తర్వాత ఈ ప్రాంతం చూసిన గొప్ప ఇంజినీరింగ్ పనుల్లో అదొకటి. సముద్రానికి వెళ్లే కుర్రాళ్లు అక్కడ అరగంట ఆగడం దండగ కాదు.

దారి కొత్తదీ కాదు. మంత్రాలయం, ఉడుపి రెండూ మాధ్వులకు ముఖ్యక్షేత్రాలు. ఉడుపిలో కృష్ణుణ్ణి ప్రతిష్ఠించింది 13వ శతాబ్దపు మధ్వాచార్యులు. ఆ సంప్రదాయంలోని రాఘవేంద్రస్వామి 1671లో మంత్రాలయంలో బృందావన ప్రవేశం చేశారు. అప్పటి మంచాల గ్రామాన్ని స్వామికి ఇచ్చింది ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ అని సంప్రదాయం చెబుతుంది. సిద్దీలు ఆఫ్రికా నుంచి సముద్రం దాటి వచ్చినవారి సంతతి. సముద్రం ఆదోనికి రాలేదు గానీ, సముద్రం దాటినవాళ్ల వారసులు ఆదోని కోటను ఏలారు. భాష కూడా అడ్డు కాదు. 1953 అక్టోబరు 1 దాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలోవే. హగరి దాటాక టీ కొట్లో కన్నడం మాట్లాడాల్సి వస్తే ఇక్కడివాళ్లు తడుముకోరు.

తెల్లారుజామున బయల్దేరే బండిలో వెనక సీటు కింద సామాను చూస్తే ఊరు తెలిసిపోతుంది. ఎమ్మిగనూరు మగ్గం దుప్పటి ఒకటి, తువ్వాళ్లు నాలుగు. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘం పేరు ఈ ఊరి దుప్పట్లను దూరదేశాల దాకా తీసుకుపోయింది. స్టీలు డబ్బాలో పలచటి జొన్నరొట్టెలు, ఎండిపోయి పెళపెళలాడేవి, ఎన్ని రోజులైనా చెడవు. పొట్లంలో శనక్కాయల పొడి, పైన ఎర్రకారం. ఆలూరులో మొదటి మజిలీ. ఉగ్గాని పొయ్యి మీద నుంచి దిగుతుంటుంది. నానబెట్టి పిండిన బొరుగులకు పసుపు, ఉల్లి, పచ్చిమిర్చి పట్టించి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జి పెడతారు. "యాడికప్పా, ఇంత పొద్దున్నే?" అని కొట్టాయన అడుగుతాడు. సముద్రానికి అంటే తలూపుతాడు. మధ్యాహ్నానికి అదే బండి హరిహర దాటి వరి మళ్ల మధ్య, సాయంత్రానికి వక్కతోటల మధ్య పోతుంటుంది. కిటికీ లోంచి వచ్చే గాలి చల్లబడి, తడిగా తగులుతుంది.

ఆగుంబె ఈ దారికి తలుపు. ఆదోని ప్రాంతంలో ఏడాదికి పడే వాన ఆరేడు వందల మిల్లీమీటర్లు. ఆగుంబెలో 7,000 మిల్లీమీటర్లకు పైన. పది రెట్లు! మేఘం అరేబియా సముద్రం నుంచి లేచి, ఈ కొండకు కొట్టుకుని, ఉన్న నీళ్లన్నీ ఇక్కడే కుమ్మరిస్తుంది. కొండ దాటి తూర్పుకు వచ్చే గాలిలో మిగిలేది తక్కువ. ఆదోని వానలేమికి కారణం ఈ కొండ, ఆదోని కాలువలో నీటికి కారణమూ ఈ కొండే. ఘాట్ రోడ్డులో 14 మెలికలున్నాయి, వానాకాలంలో భారీ వాహనాలను ఆపేస్తారు, చీకటి పడకముందే దిగాలి. సూర్యాస్తమయం చూసే మలుపు దగ్గర మబ్బు లేకపోతే దూరాన వెండి గీతలా సముద్రం కనిపిస్తుంది. బావి తప్ప ఎరగని కళ్లకు ఆ గీత చాలాసేపు నమ్మకం కలిగించదు.

ఉడుపి నుంచి 66వ జాతీయ రహదారి సముద్రాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని దక్షిణానికి సాగుతుంది. కాపు దగ్గర 1901 నాటి దీపస్తంభం, ఆ తర్వాత పడుబిద్రి, ఆపైన శాంభవీ నది వంతెన, ముల్కి. చేపల వలలు ఆరవేసిన పెరళ్లు, కొబ్బరి తోపులు, మాట వింటే తుళు. శాంభవి, నందిని అనే రెండు చిన్న నదులు కలిసి సముద్రంలో పడేచోట, నీటికీ నీటికీ మధ్య సన్నని ఇసుక నాలుకలా ఉంటుంది ససిహిత్లు.

అల ఎక్కడ పుడుతుంది

తీరంలో విరిగే అల ఆ తీరంలో పుట్టదు. దక్షిణార్ధ గోళంలో నలభై డిగ్రీల అక్షాంశం దాటాక, అడ్డుగా నేల లేని సముద్రం మీద ఏడాదంతా తుపాను గాలులు వీస్తాయి. ఆ గాలి నీటికి ఇచ్చిన శక్తి ఉబ్బుటలలుగా మారి ఉత్తరానికి బయల్దేరుతుంది. పెద్ద ఉబ్బుటలల వరుస రోజుకు సుమారు 1,000 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. మన పడమటి తీరానికి చేరడానికి ఆరేడు రోజులు పడుతుంది. నీళ్లు అంత దూరం రావు, శక్తి వస్తుంది. నీటి బొట్టు ఉన్నచోటే గుండ్రంగా తిరిగి ఆగుతుంది. లోతు తగ్గిన చోట అల అడుగు నేలకు తగిలి నెమ్మదిస్తుంది, తల మాత్రం అదే వేగంతో వస్తుంది, ముందుకు తూలి విరుగుతుంది. అల ఎత్తు అక్కడి నీటి లోతులో ముప్పాతిక వంతుకు చేరినప్పుడు ఇది జరుగుతుందని లెక్క. మనిషి నడుము లోతులో విరిగే అల ఎంత ఉంటుందో దీన్ని బట్టి ఊహించవచ్చు.

మే చివరి నుంచి ఈ దూరపు అలలకు దగ్గరి గాలి తోడవుతుంది. నైరుతి రుతుపవనం అరేబియా సముద్రం మీద బలం పుంజుకుని, తీరాన్ని చేరకముందే కెరటాన్ని పంపుతుంది. రోజువారీ అలల అంచనాలు ఇచ్చే జాతీయ సంస్థ ఇన్‌కాయిస్ ఉన్నది హైదరాబాదులో. మలయాళీలు 'కళ్లక్కడల్' అని పిలిచే, గాలీ వానా లేకుండా దొంగలా వచ్చి ఒడ్డును ముంచే ఉబ్బుటలల హెచ్చరికలూ అక్కడి నుంచే వస్తాయి. పోటీ నిర్వాహకులు చూసేవి ఈ అంచనాలే. అల మరీ చిన్నదైనా, మరీ గజిబిజిగా ఉన్నా పోటీ ఆపి ఎదురుచూస్తారు. అందుకే టికెట్టు కొన్న సినిమాలా సమయానికి మొదలవుతుందని అనుకుని రాకూడదు. ఒకరోజు అదనంగా పెట్టుకుని రావాలి.

ఆదోని వాళ్లకు ఇందులో ఒక దగ్గరితనం ఉంది. ససిహిత్లులో అలను పెంచే గాలే ఆగుంబెలో వానవుతుంది, తుంగలో వరదవుతుంది, డ్యామ్‌లో మట్టమవుతుంది. తీరంలో నిలబడి చూసే కెరటం, ఎల్ఎల్‌సీలో రాబోయే నీటికి ముందు నడిచే కబురు.

ఇరవై నిమిషాలు, రెండు అలలు

పోటీ హీట్లుగా సాగుతుంది. ఒక్కో హీట్‌లో నలుగురు, కొన్నిసార్లు ముగ్గురో ఇద్దరో. ఎరుపు, తెలుపు, పసుపు, నీలం జెర్సీలు వేసుకుని నీళ్లలోకి వెళతారు. సమయం సుమారు 20 నిమిషాలు. హారన్ మోగితే మొదలు, చివరి ఐదు నిమిషాలకు పసుపు జెండా. ఒడ్డున మంచె మీద కూర్చున్న ఐదుగురు న్యాయనిర్ణేతలు ప్రతి అలకూ పదికి మార్కులు వేస్తారు. ఎక్కువ ఒకటి, తక్కువ ఒకటి తీసేసి, మిగిలిన మూడింటి సగటు తీస్తారు. ఎన్ని అలలెక్కినా, మేలైన రెండు మాత్రమే లెక్కలోకి వస్తాయి. గరిష్ఠం 20. మలుపు ఎంత కష్టమైంది, ఎంత కొత్తగా ఉంది, ఒకదాని నుంచి ఇంకోదానికి ఎంత సాఫీగా సాగింది, వేగం, బలం ఎంత, ఇవీ చూసేవి. అల శిఖరానికి దగ్గరగా ఉన్నవాడిదే ఆ అల మీద హక్కు. పక్కవాడు అడ్డొస్తే అతని స్కోరులో కోత పడుతుంది.

తొలిసారి చూసేవాళ్లకు ఎక్కువ సమయం ఏమీ జరగనట్టే ఉంటుంది. నలుగురు మనుషులు బోర్డుల మీద కూర్చుని దూరానికి చూస్తుంటారు. ఆట అక్కడే ఉంది. అలలు జట్లుగా వస్తాయి, ఒక జట్టుకూ ఇంకో జట్టుకూ మధ్య నీరు నిలకడగా ఉంటుంది. ఏది వదలాలి, దేని కోసం ఆగాలి అన్నదే సగం ఆట. ఉన్నట్టుండి ఒకరు బోర్డు తిప్పి, బోర్లా పడుకుని, రెండు చేతులతో నాలుగైదు బారలు వేస్తారు. అల వెనక నుంచి ఎత్తుతుంది. అరచేతులు బోర్డుకు ఆనించి ఒక్క ఉదుటున లేచి నిలబడతారు, మోకాళ్లు వంచి, కళ్లు అల పోయే దిక్కుకు. కిందికి జారి, అడుగున మలుపు తిప్పి, పైకెళ్లి నురగ అంచు మీద బోర్డు తోకను కొట్టి నీళ్లు విసురుతారు. మొత్తం ఆరేడు సెకన్లు. తర్వాత మళ్లీ ఎదురు ఈత.

హీట్‌కు ముందు ఒడ్డున బోర్డుకు మైనం రాస్తున్న పోటీదారుణ్ణి దగ్గర నుంచి చూడాలి. ఆరడుగుల బోర్డును ఇసుక మీద వెల్లకిలా పెట్టి, సబ్బు బిళ్లంత మైనం ముద్దను చిన్న చిన్న వలయాలుగా రుద్దుతాడు. గుండ్రటి పొక్కులు లేచేదాకా రుద్దుతూనే ఉంటాడు. పాదం జారకుండా పట్టేది అవే. కుడి మడమకు తాడు కట్టుకుని రెండుసార్లు లాగి చూసుకుంటాడు. ఆ కాసేపు ఎవరు పలకరించినా పలకడు.

ఈ ఆట మన దేశపు తీరానికి వ్యవస్థీకృతంగా వచ్చి ఎక్కువ కాలం కాలేదు. ఫ్లోరిడాలో చిన్నప్పటి నుంచి అలలెక్కిన జాక్ హెబ్నర్ సన్యాసం తీసుకుని ముల్కిలో స్థిరపడి, 2004లో మంత్ర సర్ఫ్ క్లబ్ ప్రారంభించారు. 'సర్ఫింగ్ స్వామి' అన్న పేరు ఆయనకు అలా వచ్చింది. 2007లో ఉడుపి దగ్గరి కోడి బెంగ్రెలో ఇషితా మాలవీయ, తుషార్ పతియాన్ శక సర్ఫ్ క్లబ్ పెట్టారు. దేశంలో వృత్తిగా సర్ఫింగ్ చేసిన తొలి మహిళగా ఇషిత పేరు చెబుతారు. చెన్నై దగ్గరి కోవళంలో మత్స్యకారుడు మూర్తి మేగవన్ తన ఊరి పిల్లలకు బోర్డులు అందించి 2012లో బడి మొదలుపెట్టారు. ఇప్పుడు దేశం తరఫున ఆడుతున్నవారిలో చాలామంది మత్స్యకార కుటుంబాల పిల్లలే. మహాబలిపురానికి చెందిన కమలీ మూర్తి చిన్ననాటి స్కేట్‌బోర్డింగ్ మీద ఆమె పేరుతోనే ఒక డాక్యుమెంటరీ వచ్చింది. 2024 ఆసియా చాంపియన్‌షిప్‌లో జట్ల పోటీలో భారత్‌కు వెండి పతకం తెచ్చిన నలుగురిలో ఆమె ఉంది. 2025 ఆగస్టులో మహాబలిపురంలోనే జరిగిన ఆసియా చాంపియన్‌షిప్‌లో రమేశ్ బుదిహాళ్ కంచు పతకం గెలిచాడు. ఆ పోటీల్లో వ్యక్తిగత పతకం అందుకున్న తొలి భారతీయుడతడు. జపాన్‌లోని ఐచి-నగోయాకు ఇచ్చిన 2026 ఆసియా క్రీడల జాబితాలోకి సర్ఫింగ్ తొలిసారి చేరింది.

అలను స్వారీ చేయడం మాత్రం ఇక్కడ ఏనాటి నుంచో ఉంది. కోరమాండల్ తీరపు మత్స్యకారులు నాలుగు దుంగలు తాడుతో కట్టిన తెప్ప మీద మోకరించి అల వెంట ఒడ్డుకు జారేవారు. మసులా పడవల పలకలను మేకులు లేకుండా కొబ్బరి పీచు తాళ్లతో కుట్టేవారు. కెరటం కొట్టినప్పుడు పడవ వంగాలి, విరగకూడదు. ఇంగ్లీషులో 'సర్ఫ్' అన్న మాట 17వ శతాబ్దంలో తొలుత వాడింది భారత తీరపు కెరటాల గురించే. దాని మూలం మన భాషల్లోనే ఉండవచ్చని నిఘంటుకారుల ఊహ.

నీళ్లలో దిగేముందు

ఈ ప్రయాణంలో చెప్పకుండా వదలకూడని విషయం ఒకటుంది. బావిలో, కాలువలో ఈత వచ్చినవాడికి సముద్రంలో ఈత వచ్చినట్టు కాదు. ఒడ్డుకు వచ్చి విరిగిన అలల నీరు ఎలాగైనా వెనక్కి పోవాలి. ఇసుక దిబ్బల మధ్య పల్లం దొరికిన చోట అది పాయలా కూడుకుని లోపలికి వేగంగా లాగుతుంది. నదీముఖాల దగ్గర ఈ లాగుడు ఇంకా ఎక్కువ, ససిహిత్లు అలాంటి చోటే. మోసం ఏమిటంటే, ఆ పాయ మీద అలలు విరగవు. పక్కనంతా నురగ, అక్కడ మాత్రం నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. లోపలికి లాగుతుంటే ఒడ్డు వైపు ఎదురీదడం ప్రాణాంతకం, ఎంతటి ఈతగాడైనా అలసిపోతాడు. వెల్లకిలా తేలి, చెయ్యెత్తి పిలిచి, తీరానికి సమాంతరంగా పక్కకు ఈదాలి. పాయ వెడల్పు తక్కువే, పక్కకు వస్తే అలలే ఒడ్డుకు తోస్తాయి.

జూన్ 1 నుంచి జూలై 31 దాకా పడమటి తీరంలో మరబోట్ల వేటకు నిషేధం. సముద్రంలో పుట్టి పెరిగినవాళ్లే పడవలు ఒడ్డెక్కించే కాలంలో, జనం పోటీ చూడటానికి వస్తారు. ఎర్ర జెండా ఉన్నచోట మోకాలి లోతుకు కూడా దిగరాదు. సర్ఫింగ్ నేర్చుకోవాలన్న కోరిక పుడితే అది దాచుకుని చలికాలంలో తిరిగి రావడమే మంచిది. దసరా తర్వాత నుంచి ఈ తీరంలో అలలు చిన్నవవుతాయి. ముల్కి బడుల్లో తొమ్మిదడుగుల మెత్తటి నురుగు బోర్డు ఇచ్చి, నడుము లోతులో నిలబెట్టి నేర్పుతారు. ఆ రోడ్డు ప్రయాణం వద్దనుకునేవారికి తూర్పున కోవళం, మహాబలిపురం ఉన్నాయి. ఆదోని నుంచి ముంబై–చెన్నై మార్గంలో రైలెక్కితే చెన్నైకి దాదాపు 500 కిలోమీటర్లు. విశాఖ రుషికొండలోనూ నేర్పేవాళ్లున్నారు.

పోటీ ముగిసిన మర్నాడు తిరుగు దారిలో ఘాట్ ఎక్కేసరికి వాన మొదలై ఉండవచ్చు. కర్ణాటక తీరానికి రుతుపవనం మామూలుగా చేరేది జూన్ మొదటి వారంలోనే. బండి ఇప్పుడు నదితో పాటు దిగుతుంది. తీర్థహళ్లిలో తుంగ రంగు మారి, కూడలి దాటి హరిహర చేరేసరికి ఇంకా బురద రంగు పట్టదు, వరద వెనక వస్తుంటుంది. ఆదోనిలో మృగశిర చినుకు పడితే పత్తి విత్తుతారు. డ్యామ్‌లో మట్టం పెరిగి, మామూలుగా జూలైలో, ఎల్ఎల్‌సీ తూములు ఎత్తుతారు.